పీటల గది చీపురు

కేప్ కోస్ట్
13 ఫిబ్రవరి 1984, సోమవారం

పెద్దమ్మా,

ఇవాళ తెల్లారగానే మొదటి వింత, హాస్టల్ కుళాయిలో నీళ్ళొచ్చాయి. పదకొండు రోజుల తర్వాత. నా రెండో బకెట్ నిండుతుండగా అబాకా మాస్టారు మెట్ల మీద నిలబడి నా పేరు పిలిచారు. నేను రాసిన కథ రేడియోకి తీసుకున్నారట. బకెట్ అక్కడే వదిలేసి పరుగెత్తాను. తిరిగొచ్చేసరికి బకెట్ లేదు. కాబట్టి నీ ఫ్రేమాకి ఇవాళ స్నానం లేదు, పేరు మాత్రం వచ్చింది.

మన ఊరి చర్చి ఉపదేశి ఓపారె గారికి నమస్కారాలు. ఆయన దీన్ని నీకు నిదానంగా చదివి వినిపించాలి. పోయినసారిలా గబగబా చదివేస్తే ఆయనకి ఉడికించిన వేరుశనక్కాయలు పెట్టకు.

మా మాస్టారి సంగతి నీకు చెప్పాలి. చరిత్ర పాఠం మొదలుపెట్టిన రోజునే మమ్మల్ని సముద్రం ఒడ్డున ఉన్న తెల్లకోటకి తీసుకెళ్ళారు. ఇక్కడున్న దొరలు రోజూ డైరీ రాసేవాళ్ళట. ఏ గాలి వీచింది, ఏ దొరకి జ్వరం తగిలింది, అన్నీ ఉన్నాయట. ఇక్కడ బానిసగా ఓడెక్కిన మనిషి ఏ లోగిలి నుంచి వచ్చాడో మాత్రం ఒక్క ముక్క లేదట. "అది మీరు రాయాలి. ఇంట్లో అడగండి. చెప్పకపోతే ఊహించండి. ఊహించినా నిజాయితీగా ఊహించండి" అన్నారు. ఆ మాట నా నోట్సు మొదటి పేజీలో రాసుకున్నాను.

లైబ్రరీలో మనవాళ్ళు రాసిన పుస్తకాలకి ఒకే ఒక్క అర ఉంది. కాగితం కరువు కదా, సగం పుస్తకాలకి చివరి పేజీలు లేవు. ఎవరో చించి ఎండుచేపలు కట్టుకున్నారు. పేజీలన్నీ ఉన్న నవల ఒకటి దొరికితే మేం ముగ్గురం వంతులు వేసుకుని చేత్తో ఎత్తి రాసుకుంటున్నాం. చేత్తో రాస్తుంటే ఒక్కో మాట బరువు ఎంతో తెలుస్తుంది పెద్దమ్మా. వేలికి కాయ కాసింది, వచ్చినప్పుడు చూపిస్తాను.

నా కథ మన ఊరిదే. పేర్లు మార్చాను. ఉత్తరాన సలగా సంతలో ఒక అమ్మాయిని, నమిలే కోలాగింజలకి మారకం వేసి కొని తెస్తారు. నలభై రోజులు నడిచి ఆమె మన అడవిలోకి వస్తుంది. కుటుంబం ఆమెకి కొత్త పేరు పెడుతుంది, పెళ్ళి చేస్తుంది, ఆమె పిల్లలు అందులోనే కలిసిపోతారు. నూరేళ్ళు ఎవరూ నోరు విప్పరు. ఊళ్ళో అందరికంటే పెద్దదైన బిరాగో ముసలమ్మ పోయే ముందు కలవరింతల్లో చెబుతుంటే విన్నాను, మన కుటుంబంలో అలా ఒకామె వచ్చిందని. మన రెండు లోగిళ్ళలో తూర్పుదానికో పడమటిదానికో చెప్పలేదు. అది నేనే కనిపెట్టాను.

ఎలాగంటే, చీపురుని బట్టి. పెద్దల ఆదివారం నాడు తెల్లారకముందే, పోయిన పెద్దల పేర ఉంచిన నల్లపీటల గదినీ దాని వాకిలినీ ఊడవడం మా పడమటి లోగిలి ఆడవాళ్ళ హక్కు. అమ్మమ్మ ఆ ఈనెల చీపురు మొదటిసారి నా చేతికిచ్చిన రోజు నాకు ఆరేళ్ళు. వారం రోజులు ఊళ్ళో పిల్లలెవరితోనూ మాట్లాడలేదు, అంత గొప్ప. మీ తూర్పు లోగిలి ఆడవాళ్ళు గడప బయట చేతులు కట్టుకుని నిలబడేవాళ్ళు. నువ్వు కూడా. ఎవరిల్లు వాళ్ళే ఊడ్చుకుంటారు, పరాయివాళ్ళు బయట నిలబడతారు కదా. ఆ గుర్తే కథలో పెట్టాను. కొని తెచ్చినామె సంతానంలో ఆడవాళ్ళెవరూ ఆ చీపురు ముట్టరు. మాస్టారు ఆ వాక్యం కింద రెండు గీతలు గీశారు.

నిన్ను చిన్నబుచ్చడానికి రాశానని మాత్రం అనుకోకు. అమ్మ పోయాక నన్ను మీ లోగిలికి తెచ్చుకుని పెంచినదానివి నువ్వు.

మార్చి పదిహేడు శనివారం పొద్దున రేడియో వాళ్ళ దగ్గర నేనే చదువుతాను. ఆ సాయంత్రమే ట్వీ భాష కార్యక్రమంలో వస్తుంది. ఊరందరికీ చెప్పు.

నీ
ఫ్రేమా

*

అసుఫువా
22 ఫిబ్రవరి 1984, బుధవారం

ఫ్రేమాకి,

మీ పెద్దమ్మ చిరెవా చెబుతుంటే ఉపదేశి ఓపారె రాస్తున్నది. ఏ మాట చెబితే ఆ మాటే రాయాలట, నున్నగా చెయ్యకూడదట.

నీ ఉత్తరం అందింది. బకెట్ పోయిన చోట నవ్వాను. తర్వాత నవ్వలేదు. లారీ డ్రైవర్ బోన్సు చేత కర్రపెండలం గారీ పిండి ఒక సంచి, పామాయిల్ సీసా, సబ్బు సగం బిళ్ళ పంపుతున్నాను. సబ్బు ఎవరికీ చూపించకు.

ఇక్కడ బూడిద వాసన ఇంకా పోలేదు. పోయినేడు కాలిపోయిన కోకో తోటలో నీ మేనమామ అంపోన్సా కొత్త మొక్కలు పెడుతున్నాడు. పొద్దున నీళ్ళు మోసి పోస్తాడు, సాయంత్రానికి మొక్క వాడిపోతుంది, మర్నాడు మళ్ళీ మోస్తాడు. వాడిని చూస్తుంటే నా నడుం లాగుతుంది. మీ అమ్మ తోడబుట్టినవాడని చెప్పడం కాదు, ఆకలి రోజుల్లో అడవిలో పెండలం తవ్వి రెండు లోగిళ్ళకీ పెట్టింది వాడే. ముందు మా లోగిలికి, తర్వాత మీ లోగిలికి.

కుటుంబ పెద్ద పోయి ఆరు నెలలైంది. మార్చి పద్దెనిమిది పెద్దల ఆదివారం. పీటలకి పెండలం ముద్ద పెట్టాక కొత్త పెద్దని కూర్చోబెడతారు. ఇద్దరి పేర్లు వినిపిస్తున్నాయి. ఒకటి అంపోన్సా, రెండోది నా తమ్ముడు డాన్సో. ఆడవాళ్ళలో పెద్దదాన్ని కాబట్టి ఎవరి పేరో ముందు నోరు విప్పి చెప్పాల్సింది నేను. ఈ వయసులో అదొక బరువు.

ఇప్పుడు విను. ఆ కథ చదవొద్దు. మన దగ్గర ఒకరి మూలం ఇంకొకరు నోట పలకకూడదు. అందరికీ తెలిసినా సరే, పలకకూడదు. పలకనంతవరకు అది లేదు. పలికాక పరిహారంగా గొర్రెని కోసినా పోదు. ఎందుకని అడగకు.

(ఉపదేశి: నేను కూడా ఎందుకని అడిగాను. "నువ్వు రాసేవాడివా, అడిగేవాడివా?" అంది. రాసేవాడినే.)

నీ కాయ కాసిన వేలికి పామాయిల్ రాయి.

చిరెవా

*

కేప్ కోస్ట్
29 ఫిబ్రవరి 1984, బుధవారం

పెద్దమ్మా,

ఈ తేదీ మళ్ళీ నాలుగేళ్ళకి గాని రాదు. అందుకని ఇవాళ మనసులో ఉన్నది రాసేస్తున్నాను.

గారీ ముగ్గురం పంచుకున్నాం. సబ్బు చూపించలేదు, కానీ వాసన చూసి పట్టేశారు.

అడగకు అన్నావు. చిన్నప్పటి నుంచి ఆ మాట ఎన్నిసార్లు విన్నానో నాకే తెలియదు. నాన్న ఏడని అడగకు. బిరాగో ముసలమ్మ ఏమందో అడగకు. మాస్టారు అంటారు, మన చరిత్రకి తాళాలన్నీ దొరలే వేయలేదు, కొన్ని మన పెద్దవాళ్ళే వేసి తాళంచెవి మొలలో దోపుకున్నారని. ఆ రోజు కోటలో బానిసల్ని ఉంచిన చీకటి గది గోడ మీద చెయ్యి పెట్టి మేమంతా ఏడ్చాం. బయటికొచ్చి ముక్కు తుడుచుకుని మొక్కజొన్న కెంకే కొనుక్కుని తిన్నాం. మా ఊళ్ళో కూడా మనుషుల్ని కొన్నారని ఒక్కరూ అనలేదు. నేను రాశాను. ఎంత కష్టపడి రాశానో నీకు తెలియదు. నలభై రోజుల నడక రాయడానికి నాకు నలభై రోజులు పట్టింది.

ఒకటి అడుగుతాను, అడగొద్దన్నా సరే. ఇదంతా డాన్సో మావయ్య కోసమేనా? చీపురు ముట్టని లోగిలి ఏదో ఊరు గుర్తుపడుతుందనీ, కొని తెచ్చినామె సంతానాన్ని పెద్దగా కూర్చోబెట్టరు కాబట్టి ఆయనకి పెద్దరికం దక్కదనీ భయమా? నీ తమ్ముడి కోసం నా నోరు నొక్కుతున్నావా? నీళ్ళ కోసం వరసలో నిలబడ్డాను, కిరోసిన్ కోసం నిలబడ్డాను. ఇప్పుడు నోరు తెరవడానికి కూడా ఇంటి గుమ్మం ముందు వరసలో నిలబడాలంటే నా వల్ల కాదు, అలసిపోయాను.

ఎక్కడి నుంచి వచ్చినా నువ్వు నా పెద్దమ్మవే. మీ ముత్తవ్వని సంతలో కొన్నారని నేను నిన్ను తక్కువగా చూడను. ఇంకెవరినీ చూడనివ్వను. ఇది గుర్తుపెట్టుకో.

కథ చదువుతాను.

ఫ్రేమా

*

అసుఫువా
12 మార్చి 1984, సోమవారం

ఫ్రేమాకి,

ఇవాళ ఉపదేశి ఇంటి అరుగు మీదికొచ్చి చెబుతున్నాను. మా లోగిట్లో చెప్పలేను.

నీ ఉత్తరం ఉపదేశి మా లోగిట్లోనే చదివాడు. ఆపమనకపోవడం నా తప్పు. డాన్సో పక్కనే కూర్చుని తెగిన చెప్పు కుట్టుకుంటున్నాడు. ముత్తవ్వని సంతలో కొన్నారన్న చోట వాడి సూది ఆగింది. ఇక ఇంటి మీద పిడుగు పడిందనుకున్నాను. వాడు నవ్వాడు.

"చదవనీ అక్కా. పిల్ల ముచ్చటపడుతోంది. తప్పులుంటే విన్నవాళ్ళే దిద్దుతారులే" అన్నాడు.

అని మళ్ళీ చెప్పు కుట్టుకున్నాడు. వాడు కోప్పడి ఉంటే నాకింత బెంగ ఉండేది కాదు.

వాడి కోసం నీ నోరు నొక్కుతున్నానన్నావు. ఆదివారం నేను చెప్పేది అంపోన్సా పేరు. ఆ సంగతి డాన్సోకి వాడి మొహం మీదే మూడు నెలల కిందట చెప్పాను. అప్పటి నుంచి వాడు నా చేతి ముద్ద తినడం లేదు. కాబట్టి ఆ ఒక్క మాట వెనక్కి తీసుకో. మిగతావి ఉండనీ.

ఈ ఉత్తరంతో ఒక మూట వస్తుంది. అది పీటల గది చీపురు. గూట్లోంచి నేనే తీశాను. నాకు అరవై రెండేళ్ళు, అది నా చేతికి రావడం ఇదే మొదలు. ఎవరూ అరవలేదు, ఆకాశం కూలలేదు. చిన్నప్పుడు మా అమ్మని అడిగాను, మనం దాన్ని ఎందుకు ముట్టం అని. "వద్దని ఎవరూ అనలేదు. మనకి ఆ పని పడలేదు, అంతే" అంది. మా అమ్మ మాట నీకు పంపుతున్నాను. కథలు రాసేదానివి, దాన్ని ఏం చేసుకోవాలో నీకే తెలుసు.

ఆదివారం తెల్లారకముందు చీపురు ఇక్కడ ఉండాలి. దాని బదులు ఇంకోటి వాడరని నీకు తెలుసు. పాత ఈనెల్లోకి కొత్త ఈనెలు దోపి కట్టడమే గాని, మొత్తం మార్చింది లేదు. ఎవరు మొదట కట్టారో ఆ ముడి ఇంకా లోపల ఉంది. తెచ్చేది నువ్వే. బోన్సు చేతికివ్వకు.

నేను కూడా అలసిపోయాను బిడ్డా. ఊడవడమే పని అనుకుంటారు. నిలబడి చూడటం కూడా పనే.

చిరెవా

(ఉపదేశి: చీపురు మీద ఇంత పొడుగు ఉత్తరం నా జన్మలో రాయలేదు. మా చర్చి పీటల జోలికి పోవద్దంటుంది, నేను కొండ అవతలి ఊరివాడిని. ఇక్కడ మూడేళ్ళలో నేర్చుకున్నది ఒకటే, విన్నవాటిని చెవిలోనే ఉంచుకోవాలని.)

*

కేప్ కోస్ట్
16 మార్చి 1984, శుక్రవారం, మధ్యాహ్నం

పెద్దమ్మా,

ఇది పంపను. పంపితే ఉపదేశి గారు పైకి చదవాలి. పైకి చదివితే పలికినట్టే.

పన్నెండింటికి మూట వచ్చింది. విప్పితే గదిలో అందరూ ఒకటే నవ్వు, మీ ఊళ్ళో చీపుర్లు కూడా లారీలెక్కి తిరుగుతాయా అని. నేను కూడా నవ్వుతూనే నీ ఉత్తరం తెరిచాను. మనకి ఆ పని పడలేదు. ఆ ముక్క నాలుగుసార్లు చదివాక మంచం మీద కూర్చుండిపోయాను.

అమ్మమ్మ నాలుగింటికే లేచి నడుం పట్టుకుని మూలిగేది. ఆ మూలుగు నేను కథలో రాయలేదు. అమ్మ ఎనిమిదో నెల కడుపుతో వంగి వాకిలి ఊడ్చింది. ఊడ్చాక మేం పెరటి వైపు నుంచి వెళ్ళిపోయేవాళ్ళం. నీళ్ళు మోసేది మేమే, పెండలం ఉడకేసేది మేమే. దాన్ని లోపలికి తీసుకెళ్ళి పీటల ముందు పెట్టేది మీ లోగిలివాళ్ళు. ఇవన్నీ నా కళ్ళ ముందే జరిగాయి. కళ్ళున్నాయి గాని చూపు ముందే ఒక కథ అల్లుకుంది.

కొని తెచ్చినామె మా లోగిలిది. వచ్చిన మొదటి రోజున ఆమె చేతిలో ఒక చీపురు పెట్టి ఉంటారు. అది ఆమె కూతురికి వచ్చింది, కూతురి కూతురికి వచ్చింది, అమ్మకి వచ్చింది, ఆరేళ్ళప్పుడు నాకు వచ్చింది. నేను దాన్ని నెత్తిన పెట్టుకుని ఊరేగాను.

డాన్సో మావయ్య నవ్వు కూడా ఇప్పుడు అర్థమైంది. రేపు సాయంత్రం నా కథ విని టీకొట్టు దగ్గర ఎవరో ఒకరు అంటారు, "పిచ్చిపిల్ల తిరగేసి చెప్పింది, చీపురు పట్టినవాళ్ళు కదా కొని తెచ్చినామె సంతానం" అని. తప్పు దిద్దాలంటే నిజం పలకాలి. ఒకసారి పలికాక ఆదివారం అంపోన్సా మావయ్యని పెద్దగా కూర్చోబెట్టలేరు. డాన్సో మావయ్య ఏమీ చేయక్కర్లేదు. చెప్పు కుట్టుకుంటూ కూర్చుంటే చాలు, ఆ పని నా గొంతు చేసిపెడుతుంది. అందరి కోసం అడవిలో పెండలం తవ్విన మనిషిని నేనే, రేడియోలో, మంచి భాషలో, గడప బయటికి తోసేసేదాన్ని.

నిన్ను తక్కువగా చూడనని నీకే అభయమిచ్చాను. ఆ వాక్యం నువ్వు తమ్ముడి ముందు కూర్చుని విన్నావు. నీ నోట్లోంచి ఒక్క మాట వస్తే నేను జన్మలో తలెత్తేదాన్ని కాదు. నువ్వు అనలేదు.

నీ మీద కోపం కూడా ఉంది, దాచను. మీవాళ్ళు కొన్నారు. అరవై రెండేళ్ళు నువ్వు గడప బయట నిలబడి మా అమ్మమ్మ నడుం చూశావు, మా అమ్మ కడుపు చూశావు. తర్వాత నన్ను చంకనేసుకుని మీ లోగిలికి తీసుకెళ్ళావు. ఈ రెండు సంగతులూ పక్కపక్కన ఎలా రాయాలో నాకు తెలియదు. ఎత్తి రాస్తున్న నవలలో కూడా అలాంటి పేజీ లేదు.

నా మూలం నేను చెప్పుకోవచ్చు కదా అని గంటసేపు నాతో నేనే వాదించుకున్నాను. కానీ నా ఒక్కదానిదే అయిన మూలం ఎక్కడుంది? అందులో సగం అంపోన్సా మావయ్యది. ఒక రోజు ఆయన్ని అడుగుతాను. ఆయన సరేనంటే రాస్తాను, ఈసారి సరిగ్గా. ఆదివారానికి ఒక రోజు ముందు మాత్రం కాదు.

చిత్తుప్రతి మళ్ళీ చదివాను. ఆమె పాదాల గురించి నాలుగు పేజీలు రాశాను. పగుళ్ళు, ముళ్ళు, ఎర్రమట్టి. ఆమె చేతుల గురించి ఒక్క వాక్యం లేదు. చీపురు పట్టుకుని చూసుకున్నాను. కలం పట్టి కాయ కాసిన వేలు తప్ప మిగతా చెయ్యి మెత్తగానే ఉంది. చదివించింది నువ్వే కదా.

*

కేప్ కోస్ట్
16 మార్చి 1984, శుక్రవారం, సాయంత్రం

పెద్దమ్మా,

మూట అందింది. దారిలో మూడు ఈనెలు విరిగాయి. ఇక్కడి కొబ్బరి ఈనెలు చీరి దోపాను, మనవాటి కంటే కాస్త పొట్టిగా ఉన్నాయి. లోపలి ముడి కదపలేదు.

బోన్సు ఇప్పుడే బయల్దేరుతున్నాడు. అతనితో వచ్చేసేదాన్నే. కానీ శుభ్రంగా రాసిన ప్రతి అబాకా మాస్టారి దగ్గర ఉంది, ఆయన తకోరాడి వెళ్ళారు, రేపు మొదటి బస్సుకి గాని రారు. అందుకని నాకంటే ముందు ఉత్తరం వస్తోంది. రేపు సాయంత్రం రేడియో దగ్గర బెంగపడుతూ కూర్చోకు. నా గొంతు రాదు.

డాన్సో మావయ్యకి చెప్పు, పిల్ల కథలో తప్పులున్నాయట, పిల్లే దిద్దుకుంటుందట అని.

నువ్వు వెనక్కి తీసుకోమన్న మాట వెనక్కి తీసుకున్నాను. ఉండనీ అన్నవాటిని కూడా తీసుకున్నాను.

ఆదివారం నీకు ఓపిక ఉంటే గడప బయట నిలబడకు. వాకిలి పెద్దది. చీపురు ఒకటే కాబట్టి, మేం ముగ్గురం నవల ఎత్తి రాసినట్టు, వంతులు వేసుకుందాం.

ఉపదేశి గారూ, నిదానంగా చదివినందుకు మీకు వేరుశనక్కాయలు పెట్టమన్నానని ఇది కూడా చదవండి.

రేపు పొద్దున ఆరింటికల్లా బస్సులు ఆగేచోట మాస్టారి కోసం నిలబడతాను. కాగితాలు చేతికి రాగానే మన వైపు వచ్చే ఏడు గంటల కుమాసి లారీ ఎక్కుతాను. చీపురు పైన సామాన్లలో వేయనివ్వను, ఒళ్ళో పెట్టుకుంటాను.

ఫ్రేమా